బతికి బట్టకట్టినవారికి ఉచిత సలహాలు

హెచ్‌ఐవి ఉన్నవాళ్లు ముసలివాళ్లయ్యేదాకా బతుకుతారని మనం అనుకోలేదు. 1986లో చెన్నైలో డాక్టర్ సునీతి సొలొమన్ బృందం దేశంలో తొలి కేసులను బయటపెట్టినప్పుడు గానీ, ఆ తర్వాత కోస్తా హైవే పొడుగునా ఊళ్లకు ఊళ్లు గుసగుసలాడుకుంటూ శవాలు మోసినప్పుడు గానీ, ఈ జబ్బున్న మనిషికి ఒకనాటికి కంటిలో శుక్లాలు వస్తాయనీ, మోకాళ్లు అరుగుతాయనీ, మనవరాలి పెళ్లికి పట్టుపంచె కట్టుకుని బయల్దేరతాడనీ ఎవరికీ తట్టలేదు. 2004 ఏప్రిల్ 1న ప్రభుత్వం వైరస్‌ను అణిచే ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టి లెక్కంతా తప్పించింది. అప్పటికి నలభై ఏళ్లున్న లారీ డ్రైవరు మందు మానకుండా వేసుకున్నాడు. వైరస్ అణిగింది. మనిషికి ఇప్పుడు అరవై దాటాయి. ఇక ఆయనకు మిగిలినవి బీపీ, షుగరు, గుండె, కిడ్నీలు, ఎముకలు, ఆస్పత్రులు, కొడుకులు, కోడళ్లు.

వైరస్ చేయలేకపోయిన పని వీటన్నిటిచేత ఎలా పూర్తి చేయించాలో తెలియక చాలామంది అవస్థ పడుతున్నారు. వారి సౌకర్యార్థం ఈ చిన్న మార్గదర్శిని. ఇందులో నా సొంత తెలివి ఏమీ లేదు. అన్నీ మన ఆస్పత్రుల్లో, ఇళ్లల్లో, ఆఫీసుల్లో ఇప్పటికే నడుస్తున్న పద్ధతులే. నేను వరస పెట్టానంతే.

వైద్యులకు

యాభై దాటిన మనిషికి హెచ్‌ఐవి రాదని ముందుగా గట్టిగా నమ్మండి. నెల రోజులుగా జ్వరం వదలడం లేదంటాడు, పది కిలోలు తగ్గానంటాడు, నోట్లో తెల్లగా పూత కనిపిస్తుంది, నడుం చుట్టూ సర్పి లేచి ఉంటుంది. కంగారు పడకండి. స్కానింగ్ రాయండి, ఎండోస్కోపీ రాయండి, థైరాయిడ్ రాయండి, ఇంకా డబ్బులుంటే ఇంకోటి రాయండి. ఐసీటీసీ అనే ప్రభుత్వ పరీక్షా కేంద్రంలో పైసా ఖర్చు లేకుండా చేసే ఆ ఒక్క పరీక్ష మాత్రం రాయకండి. భార్య పోయి ఎనిమిదేళ్లయిన మనిషికి ఇంకా ఒళ్లూ మనసూ ఉంటాయన్న ఆలోచనే మీకు రాకూడదు. "తాతగారూ" అని పిలిచిన నోటితో అలాంటి ప్రశ్న ఎలా అడుగుతాం చెప్పండి! అడగకుండా ఏడాది గడిపితే చాలు. రోగనిరోధక శక్తిని చూపే సీడీ4 కౌంట్ రెండొందల కిందికి దిగుతుంది, ఊపిరితిత్తుల్లో టీబీ కనిపిస్తుంది, అప్పుడు ఎవరో కుర్ర హౌస్‌సర్జన్ అనుమానించి పరీక్ష చేయిస్తాడు. వయసు మళ్లిన ఒంట్లో మందు మొదలుపెట్టాక కూడా సీడీ4 కౌంట్ మెల్లగానే పెరుగుతుంది. మీరు పోగొట్టిన ఏడాది వృథా పోదన్నమాట.

ఆపరేషన్ దగ్గరకు వచ్చేసరికి ఇదే సూత్రాన్ని తిరగేయాలి. ఇక్కడ ఎవర్నీ అడగనక్కర్లేదు, ఎవరికీ చెప్పనక్కర్లేదు, అందరికీ పరీక్ష చేసేయడమే. మనిషికి విషయం వివరించి, ఒప్పుకుంటేనే హెచ్‌ఐవి పరీక్ష చేయాలనీ, పరీక్ష చేయించుకుంటేనే వైద్యం చేస్తామని షరతు పెట్టకూడదనీ 2017లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. 2018 సెప్టెంబరు 10 నుంచి అది అమల్లో ఉంది. ఢిల్లీలో అమల్లోకి వచ్చింది మీ ఆపరేషన్ థియేటరు గుమ్మం దాకా నడిచి రావాలంటే టైము పడుతుంది. ఈలోగా మీ పని మీరు చేసుకోండి.

ఎలా చేయాలో ఒక శుక్లాల కేసు తీసుకుని చూద్దాం. పొద్దున ఎనిమిదికి పెద్దాయన పేరు లిస్టులో మొదటిది. కంట్లో చుక్కలు వేశారు, పాప విచ్చుకుంది, పచ్చ గౌను తొడిగారు, ఏ కన్నో మర్చిపోకుండా నుదుటి మీద ప్లాస్టరు ముక్క అతికించి గుర్తు పెట్టారు. బయట కూతురు ప్లాస్టిక్ కుర్చీలో ఫ్లాస్కు పట్టుకుని కూర్చుంది. అప్పుడొస్తుంది ల్యాబు నుంచి కాగితం. సిస్టరు వచ్చి "పెద్దాయనా, కాసేపు బయట కూర్చోండి" అనాలి. తర్వాతి పేరు పిలవాలి. ఆ తర్వాతి పేరు పిలవాలి. మధ్యాహ్నం రెండింటికి, విచ్చుకున్న పాపతో వెలుగు భరించలేక కళ్లు మూసుకుని కూర్చున్న మనిషి దగ్గరకు ఎవరో వచ్చి, "మిషన్ పాడైందండీ, మీరు పెద్దాసుపత్రిలో చూపించుకోండి" అనాలి. హెచ్‌ఐవి ఉంది కాబట్టి చేయం అని మాత్రం పొరపాటున కూడా అనకండి. కాగితం మీద అసలే రాయకండి. అలా అంటే చట్టవిరుద్ధం. మిషన్ పాడవడం చట్టవిరుద్ధం కాదు.

ఎందుకంత భయం అని ఎవరైనా నిలదీస్తే సూది గుచ్చుకుంటుంది అనండి. హెచ్‌ఐవి ఉన్న రక్తం అంటిన సూది గుచ్చుకుంటే సోకే అవకాశం సగటున వెయ్యికి మూడు. ఏళ్ల తరబడి మందు వాడి వైరల్ లోడ్ కనిపించని స్థాయికి తెచ్చుకున్న మనిషి విషయంలో అది ఇంకా చాలా తక్కువ. గుచ్చుకున్నా 72 గంటల్లోపు మొదలుపెట్టడానికి మందులున్నాయి. టీకా వేయించుకోని సిబ్బందికి హెపటైటిస్ బి సోకే ముప్పు దీనికి ఎన్నో రెట్లు ఎక్కువ. అయినా హెపటైటిస్ బి ఉన్న పేషెంటు పడుకున్నప్పుడు మిషన్ చక్కగా పనిచేస్తుంది.

అసలు జాగ్రత్తలనేవి పడుకున్నది ఎవరైనా అందరికీ ఒకేలా తీసుకోవాలని పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. పుస్తకాలు పరీక్షల కోసం. మీరు ఈ పెద్దాయనకు రెండు జతల గ్లౌజులు తొడుక్కుని, మిగతా వార్డంతా ఒకే జతతో తిరగండి. కేస్‌షీటు మీద ఎర్ర ఇంకుతో పెద్దక్షరాలు రాయండి, పక్క మంచం వాళ్ల బంధువులు చదువుకోవడానికి వీలుగా ఉంటుంది.

ఇక మందుల సంగతి. ఇది కొంచెం శ్రద్ధ పెట్టాల్సిన విషయం. షుగరు డాక్టరుకు హెచ్‌ఐవి సంగతి తెలియకూడదు, ఏఆర్‌టీ డాక్టరుకు షుగరు గోళీ పేరు తెలియకూడదు. పేషెంటు ఎలాగూ భయపడి చెప్పడు. మీ వంతుగా మీరు అడగకపోతే చాలు. ఇప్పుడు ఏఆర్‌టీ సెంటర్లలో ఎక్కువమందికి ఇచ్చే గోళీలో డోలుటెగ్రావిర్ ఉంటుంది. అది షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్‌ను రక్తంలో ఎక్కువ నిలిచిపోయేలా చేస్తుంది. రెండూ కలిసినప్పుడు మెట్‌ఫార్మిన్ రోజుకు 1000 మిల్లీగ్రాములు దాటనివ్వొద్దంటారు. ఇద్దరు డాక్టర్లూ ఒకరి చీటీ ఒకరు చూసుకోకపోతే పూటకు 1000 రాసేయొచ్చు. పెద్దాయనకు గ్యాస్ ట్రబుల్ కూడా ఉంటుంది. గ్యాస్ సిరప్పుకు రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో ఈ గోళీ వేసుకోవాలి. లేకపోతే సిరప్పు గోళీని పేగులోనే పట్టేసుకుంటుంది, రక్తంలోకి పోనివ్వదు. ఈ ముక్క చెప్పడానికి అర నిమిషం పడుతుంది. ఓపీలో వందమంది ఉండగా అర నిమిషం ఎక్కణ్ణుంచి తెస్తారు? భోజనం కాగానే అన్నీ కలిపి ఒకే గుక్కలో వేసుకోమనండి.

ఊళ్లో ఆర్‌ఎంపీ గారి సహకారం కూడా తీసుకోవచ్చు. అదే గోళీలో ఉండే టెనోఫోవిర్ కిడ్నీలనూ ఎముకలనూ ఓ కంట కనిపెడుతూ వాడాల్సిన మందు. మోకాళ్ల నొప్పులంటూ వచ్చిన మనిషికి ఆర్‌ఎంపీ గారు నెలల తరబడి నొప్పి గోళీలు, మధ్యమధ్యలో నొప్పి సూదులు ఇస్తారు. రెండూ కలిసి కిడ్నీ సంగతి చూసుకుంటాయి. మొదటి రకం మందులు పనిచేయక రిటోనావిర్ కలిసిన మందుల్లోకి మారినవారైతే, ఎముకల డాక్టరు మోకాల్లోకి ఎక్కించే ఒక్క స్టెరాయిడ్ సూది చాలు. ఆ మందు ఒంట్లోంచి పోకుండా వారాల తరబడి ఉండిపోయి మొహం ఉబ్బుతుంది, షుగరు పైకి ఎక్కుతుంది. ఎందుకు ఎక్కిందో ఎవరికీ అంతుపట్టదు, ఎందుకంటే ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు.

గుండె గురించి ఆలోచించకపోవడమే మంచిది. వైరస్ అణిగినా ఒంట్లో లోలోపల మంట పూర్తిగా చల్లారదు. హెచ్‌ఐవి ఉన్నవారికి గుండెజబ్బు ముప్పు లేనివారికంటే సుమారు రెట్టింపు. 2023లో రిప్రీవ్ అనే పెద్ద పరిశోధన ఫలితాలు వచ్చాయి. నలభై నుంచి డెబ్బై అయిదేళ్ల మధ్య వయసున్న ఏడున్నర వేలకు పైగా మందిని, మన దేశంతో సహా పన్నెండు దేశాల్లో పరిశీలించారు. రోజుకు ఒక పిటావాస్టాటిన్ గోళీతో గుండెపోటు వంటి పెద్ద ప్రమాదాలు 35 శాతం తగ్గాయి. ఇది చదివి మనసు పాడుచేసుకోవద్దు. పెద్దాయన వచ్చినప్పుడు "కౌంట్ బాగుంది, వెళ్లొచ్చు" అనండి. బీపీ చూసే మిషన్ బీరువాలో ఉంది, తాళంచెవి సెలవులో ఉన్న సిస్టరు దగ్గర ఉంది.

కుటుంబ సభ్యులకు

కంచం వేరు, గ్లాసు వేరు, సబ్బు వేరు. ఇవి మీకు చెప్పాల్సిన పని లేదు. ఎవరైనా చదువుకున్నవాడు వచ్చి, మందు వాడుతూ వైరల్ లోడ్ కనిపించని స్థాయిలో ఉన్నవారి నుంచి దాంపత్యంలో కూడా సోకదని 2016లో, మళ్లీ 2019లో పార్టనర్ అధ్యయనాలు తేల్చాయి, పడకలో సోకనిది గ్లాసులో ఎలా సోకుతుందండీ అని అడిగితే, వాదనకు దిగకండి. "మా ఇంట్లో చిన్నపిల్లలున్నారండీ" అనండి. దీనికి ఇంతవరకూ ఎవరూ జవాబు కనిపెట్టలేదు.

చిన్నపిల్లల గురించే ఇంకో మాట. తాత చేతులు చాపినప్పుడు వద్దని మొహం మీద చెప్పకండి, బాగుండదు. "నాన్నా, పాలు తాగే టైమైంది, రా" అని లోపలికి తీసుకుపోండి. నాలుగుసార్లు అలా అయ్యాక చేతులు చాపడం ఆయనే మానేస్తాడు. అయిదోసారి ఆయన్నే మెచ్చుకోవచ్చు, అర్థం చేసుకున్నాడని.

డెబ్బై ఏళ్లొచ్చాక ఎవరికైనా మతిమరుపు మామూలే. పొద్దున వేసుకున్న గోళీ మళ్లీ వేసుకోవడం, రెండ్రోజులు అసలు మరిచిపోవడం జరుగుతుంది. షుగరు గోళీ అయితే కోడలు గుర్తు చేస్తుంది. ఈ గోళీ దేనికో కోడలికి చెప్పలేదు కాబట్టి గుర్తు చేసేవాళ్లు లేరు. ఇందులో మీరు కొత్తగా చేయాల్సింది ఏమీ లేదు, ఉన్నదాన్ని అలాగే ఉండనివ్వండి.

ఆడవాళ్ల విషయానికి వేరే సలహాలు కావాలి. ఇప్పుడు అరవైల్లో ఉన్న చాలామందికి ఇది భర్త నుంచి వచ్చింది. ఉచిత మందులు వచ్చేలోపే ఆయన పోయాడు. ఆయన వైద్యానికి ఎకరం అమ్మారు, మిగిలిన ఎకరంన్నరలో వాటా అడిగితే "మా వాణ్ణి మింగింది చాలక పొలం కూడా కావాలా, నువ్వు మాత్రం ఎన్నాళ్లుంటావులే" అన్నారు. అది 2003. ఆమె ఉంది. రెండు దశాబ్దాలు దాటినా ఉంది. మిరప కోతలకు వెళ్లి పిల్లల్ని చదివించింది, ఇప్పుడు మనవల్ని చూసుకుంటోంది. అత్తింటివారికి నా సలహా ఒకటే: మాట మీద నిలబడండి. ఆమె పోతుందన్న నమ్మకంతో ఆపిన వాటా, ఆమె పోలేదన్న చిన్న కారణానికి ఇచ్చేస్తే పరువేం కావాలి?

ఆమెను ఆస్పత్రికి పంపాల్సిన పని కూడా లేదు. హెచ్‌ఐవి ఉన్న ఆడవారికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముప్పు మిగతావారికంటే ఆరు రెట్లు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ముందే పట్టుకునే పరీక్ష ఉంది, పెద్ద ఖర్చూ కాదు. కానీ ముట్లుడిగి పన్నెండేళ్లయింది, ఈ వయసులో ఆ పరీక్షలేంటి, నలుగురూ నవ్వరూ! ఆమే అలా అంటుంది. మీరు ఔనని తలూపండి.

పెద్దవారికి స్వయంగా

మీ ఊరికి దగ్గర్లో ఏఆర్‌టీ సెంటరు ఉంటే అక్కడికి వెళ్లకండి. రెండు జిల్లాల అవతల ఇంకోటి ఉంటుంది. తెల్లవారుజామున మొదటి బస్సెక్కండి, మోకాళ్లు పట్టేస్తే పట్టేయనివ్వండి. మందులు తీసుకున్నాక బస్టాండు వెనక్కి వెళ్లి, అట్టపెట్టె చింపి పారేసి, డబ్బా మీది పేరు గోటితో గీకేయండి. గీకితే అక్షరాలు పోతాయి గానీ జిగురు మిగులుతుంది, దానికి దుమ్ము పట్టి నల్లగా అవుతుంది, మంచిదే. నడుస్తుంటే లోపల గోళీలు గలగలమంటాయి. కాస్త దూది కుక్కితే చప్పుడు రాదు. సెంటర్లో ఇచ్చిన గ్రీన్ బుక్ ఇంట్లో బియ్యం డబ్బా అడుగున పెట్టండి. ఇంత చేశాక ఎప్పుడైనా దారిలో కళ్లు తిరిగి పడిపోతే, సంచి వెతికినవాళ్లకు పేరు లేని డబ్బా ఒకటి దొరుకుతుంది. మీరేం మందు వాడుతున్నారో ప్రపంచంలో ఎవరికీ తెలియదు. పరువు అంటే అదీ.

మందు మాన్పించి రెండు నెలల్లో "నెగెటివ్" చేస్తానన్న పసరు వైద్యుడి గురించి నేను చెప్పనక్కర్లేదు. ఆయన గోడల మీద రాసుకున్నాడు.

ప్రభుత్వానికి

మీరు ఇప్పటికే బాగా చేస్తున్నారు. దేశంలో వయోజనుల్లో హెచ్‌ఐవి ఎంత శాతం అని ఏటా ప్రకటించే అంకె పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్లవారికి సంబంధించినది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఆడవారిని నలభై తొమ్మిది దాకా, మగవారిని యాభై నాలుగు దాకా అడిగి ఆగిపోతుంది. అంటే యాభయ్యో ఏడు రాగానే ఆడమనిషి ఆ సర్వేలోంచి సగౌరవంగా బయటికి వచ్చేస్తుంది. పోస్టర్లలో కాలేజీ కుర్రాళ్లు, కొత్త దంపతులు, లారీలు ఉంటాయి, తెల్లజుట్టు అరుదు. శాతాల్లో లేనివారికి ప్రత్యేకంగా బీపీ మిషన్లూ, ఎముకల స్కానింగులూ, నరాల డాక్టర్లూ ఎందుకని ఎవరైనా ఫైలు మీద రాస్తే తప్పు పట్టలేం.

పెన్షన్ల విషయంలో మాత్రం కొంచెం తొందరపడ్డారు. ఏఆర్‌టీ వాడేవారికి ఆంధ్రప్రదేశ్ 2024 జూలైలో నెలకు 4,000 చేసింది. అప్పటికి తెలంగాణలో 2,016. అదే వైరస్, అదే గోళీ, అదే అరిగిన మోకాలు. నాగార్జునసాగర్ దగ్గర కృష్ణకు కుడిగట్టున ఒక ధర, ఎడమగట్టున ఒక ధర. రోగానికి రాష్ట్రం తెలియదని అనుకునేవాళ్లు ఇకనైనా తెలుసుకోవాలి.

చివరగా, మనందరికీ పనికొచ్చే ఒక సలహా. 2017 చట్టం ప్రకారం ప్రతి రాష్ట్రం ఫిర్యాదులు విచారించే ఒక అంబుడ్స్‌మన్‌ను నియమించాలి. ఇరవై మందీ అంతకు మించీ పనిచేసే ప్రతి ఆస్పత్రిలో, ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, ఒక ఫిర్యాదుల అధికారి ఉండాలి. పేషెంటు జబ్బు పేరు కేస్‌షీటు మీద ఎర్ర ఇంకుతో రాసే ఆస్పత్రులు ఈ అధికారి పేరు మాత్రం ఎంతో గోప్యంగా కాపాడుతున్నాయి. ఇది ఇలాగే సాగాలంటే మనం చేయాల్సింది తక్కువే: ఎవరూ అడగకూడదు.

ఈ సలహాలు నచ్చనివారు ఈసారి ఆస్పత్రికి వెళ్లినప్పుడు, మీకు హెచ్‌ఐవి ఉన్నా లేకపోయినా, రిసెప్షన్‌లో నిలబడి ఆ అధికారి పేరు అడగండి. కాగితం మీద రాసివ్వమనండి. ఇంట్లో పెద్దవారికి వాడే మందులన్నీ ఒకే చీటీ మీద రాసి, ఇద్దరు డాక్టర్లకూ చూపించండి. అనుమానాలుంటే 1097కు ఫోన్ చేయండి, డబ్బులు పడవు.